హిమోగ్లోబిన్ నార్మలే, మరి ఈ నీరసం ఎందుకు? ఐరన్ రిపోర్టు చదవడం ఎలా

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక్క ప్రశ్న మీదే. "డాక్టర్ గారూ, హిమోగ్లోబిన్ 12.3 వచ్చింది, నార్మల్ అన్నారు. మరి రెండంతస్తులు ఎక్కితే ఆయాసం ఎందుకొస్తోంది? దువ్వెన నిండా జుట్టు ఎందుకు వస్తోంది?" రాజమండ్రిలో నా దగ్గరికి వచ్చే అమ్మాయిలు తరచుగా అడిగే మాట ఇది. ఇరవై, ఇరవై అయిదేళ్ళ వాళ్ళు, వేరే ఏ జబ్బూ లేనివాళ్ళు. ఇంట్లో వాళ్ళేమో "సరిగ్గా తినదండి, అర్ధరాత్రి దాకా ఫోనే" అని తేల్చేస్తారు.

ముందు ఒక విషయం విడదీసుకుందాం. రక్తహీనత వేరు, ఐరన్ లోపం వేరు. హిమోగ్లోబిన్ తగ్గితే రక్తహీనత. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో గర్భం లేని ఆడవాళ్ళకి 12 గ్రాముల లోపు, మగవాళ్ళకి 13 లోపు ఉంటే రక్తహీనత అంటాం. ఐరన్ లోపం మాత్రం దానికి చాలా ముందే మొదలవుతుంది.

మన డెల్టా వాళ్ళకి ఇది చెప్పడం తేలిక. ఇంట్లో గాదె ఉందనుకోండి. గాదెలో ధాన్యం సగానికి పడిపోయినా కంచంలో అన్నం తగ్గదు కదా. గాదె అడుగంటాకే కంచంలో తేడా కనబడుతుంది. మన ఒంట్లో కంచంలో అన్నం హిమోగ్లోబిన్. గాదెలో ధాన్యం ఫెర్రిటిన్, అంటే నిల్వ ఉన్న ఐరన్‌ని చెప్పే పరీక్ష. మధ్యలో ధాన్యం మోసే బళ్ళు ట్రాన్స్‌ఫెర్రిన్ అనే ప్రోటీన్. మనం చేయించుకునేది ఎక్కువగా కంచం పరీక్షే. గాదె మూత తీసి చూసేవాళ్ళు తక్కువ.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత అని తేలింది. వందకి దాదాపు అరవై మంది! కానీ ఆ సర్వే వేలి నుంచి తీసిన చుక్కతో హిమోగ్లోబిన్ చూసింది, ఐరన్ చూడలేదు. కాబట్టి ఆ అరవై మందికీ ఐరనే తక్కువ అనుకోకూడదు. మిగతా నలభై మందికీ ఐరన్ నిండుగా ఉందనీ అనుకోకూడదు.

సరే, రిపోర్టు చేతిలోకి తీసుకోండి. మొదట సీబీసీ. ఇది వేలి చుక్కతో కాకుండా చేతి నరం నుంచి తీసిన రక్తంతో చేయించుకుంటే నమ్మకం ఎక్కువ. అందులో హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి కాగితం మడిచెయ్యకండి. కింద ఎంసీవీ అని ఉంటుంది, అది ఎర్ర రక్తకణం సైజు. మామూలుగా 80 నుంచి 100. ఐరన్ లోపం ముదిరితే కణాలు చిన్నవైపోయి 80 కిందికి దిగుతుంది. ఇంకోటి ఆర్‌డీడబ్ల్యూ. కణాలన్నీ ఒకే సైజులో ఉన్నాయా, చిన్నా పెద్దా కలిసిపోయాయా అని చెబుతుంది. ఐరన్ తగ్గేటప్పుడు ఇది పెరుగుతుంది. అయితే ఇవన్నీ మామూలుగా ఉండి కూడా గాదె ఖాళీగా ఉండొచ్చు. అందుకే రెండో పరీక్ష.

రెండోది సీరం ఫెర్రిటిన్. పరగడుపున ఇవ్వాల్సిన పని లేదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళలో 15 లోపు ఉంటే గాదె ఖాళీ అనే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మాలో చాలామంది 30 లోపు ఉన్నా, లక్షణాలు కూడా ఉంటే లోపంగానే చూస్తాం. ఇక్కడే చిక్కు. కొన్ని ల్యాబుల్లో ఆడవాళ్ళ ఫెర్రిటిన్ రేంజ్ 10 దగ్గరే మొదలవుతుంది. మీకు 12 వస్తే పక్కన ఎర్ర గుర్తేమీ పడదు, నార్మల్ అనే అనిపిస్తుంది. కాబట్టి రంగు కాదు, అంకె చూడండి.

ఇంకో చిక్కు కూడా ఉంది. జ్వరం, ఇన్‌ఫెక్షన్, వాపు ఏదున్నా ఫెర్రిటిన్ పైకి లేస్తుంది. ఫ్యాటీ లివర్, మందు అలవాటు ఉన్నా అంతే. గాదె ఖాళీగా ఉన్నా అంకె మాత్రం బానే కనిపిస్తుంది. అందుకే జ్వరం వచ్చి తగ్గిన వారంలోనే ఈ పరీక్షకి పరిగెత్తకండి, రెండు మూడు వారాలు ఆగండి. ఆగే వీలు లేకపోతే సీఆర్‌పీ కూడా కలిపి చేయిస్తాం. సీఆర్‌పీ ఎక్కువగా ఉంటే ఫెర్రిటిన్ 70 లోపున్నా అనుమానించాల్సిందే.

అప్పటికీ తేలకపోతే మూడోది, ట్రాన్స్‌ఫెర్రిన్ శాచురేషన్. వంద బళ్ళలో ఎన్నింటి మీద సరుకు ఉందో చెప్పే లెక్క. 16 శాతం లోపు ఉంటే సరుకు అందట్లేదని. టీఐబీసీ పెరిగిందంటే ఒళ్ళు ఐరన్ కోసం ఖాళీ బళ్ళు ఎక్కువ పంపిస్తోందని. సీరం ఐరన్ ఒక్కటే చూసి మాత్రం ఏమీ తేల్చకండి. అది పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది. ముందు రోజు ఐరన్ మాత్ర వేసుకున్నా మారిపోతుంది.

ఇప్పుడు ఐరన్ కాని రక్తహీనతల సంగతి. ఎంసీవీ బాగా తక్కువ, 65, 70 అలా ఉండి, ఎర్ర రక్తకణాల సంఖ్య మాత్రం 5 మిలియన్లు దాటి, ఫెర్రిటిన్ బావుంటే తలసేమియా లక్షణం ఏమో చూడాలి. దీన్ని మోసేవాళ్ళకి ఒంట్లో ఇబ్బంది ఉండదు, ఐరన్ మాత్రలతో ఆ అంకెలూ మారవు. కానీ భార్యాభర్తలిద్దరూ మోస్తుంటే పుట్టే ప్రతి బిడ్డకీ నాలుగింట ఒక వంతు తలసేమియా మేజర్ ప్రమాదం. మేనరికాలు ఉన్న ఇళ్ళల్లో పెళ్ళికి ముందే తెలుసుకోవాల్సిన విషయం ఇది. హెచ్‌బీఏ2 పరీక్షలో 3.5 శాతం దాటితే బయటపడుతుంది. ఐరన్ లోపం కూడా ఉంటే ఆ అంకె తగ్గి దాక్కోవచ్చు, అందుకని ముందు ఐరన్ సరిచేసి మళ్ళీ చూస్తాం.

దీనికి పూర్తి తిరగేసి, ఎంసీవీ 100 దాటితే బీ12, ఫోలిక్ యాసిడ్ చూడాలి. ఫోలిక్ యాసిడ్ అంటే మనం కాస్త కాలరెగరేసుకోవచ్చండి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు స్ప్రూ అనే పేగు జబ్బుకి సోదరులను పోగొట్టుకున్నారు. ఆ జబ్బులో వచ్చే రక్తహీనతకి పనికొచ్చే ఫోలిక్ యాసిడ్‌ని 1945లో అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో ఆయన నడిపిన బృందమే తయారు చేసింది. ఇవాళ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇచ్చే ఐరన్ మాత్రలో రెండో మందు అదే. ఒక్క మాట: ఐరన్, బీ12 రెండూ తక్కువైతే చిన్న కణాలూ పెద్ద కణాలూ కలిసిపోయి ఎంసీవీ సగటున నార్మల్ చూపిస్తుంది. అప్పుడు ఆర్‌డీడబ్ల్యూ పట్టిస్తుంది.

ఐరన్ తక్కువని తేలింది. పని అయిపోయిందా? లేదు, అసలు పని ఇప్పుడే. గాదెకి కన్నం ఎక్కడుంది? మనం రోజుకి పీల్చుకునే ఐరన్ 1, 2 మిల్లీగ్రాములే. ఒక్కసారి రక్తదానం చేస్తే 150 నుంచి 250 మిల్లీగ్రాముల దాకా పోతుంది. రక్తదానం మానెయ్యమనడం లేదు, తరచుగా ఇచ్చేవాళ్ళు ఫెర్రిటిన్ చూసుకోండి అంటున్నా. అమ్మాయిల్లో పెద్ద కారణం నెలసరి. ఏడు రోజులు దాటినా, గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చాల్సి వస్తున్నా, గడ్డలు పడుతున్నా "అందరికీ అంతేలే" అని ఊరుకోకండి, డాక్టర్‌కి చెప్పండి. చెప్పుల్లేకుండా తడి మట్టిలో, చేలల్లో తిరిగేవాళ్ళకి కొంకి పురుగులు పాదాల నుంచి ఎక్కి పేగుల్లో రక్తం తాగుతాయి. మల పరీక్ష చేయించి మందు వేస్తే పోతాయి. భోజనం అవ్వగానే టీ తాగితే తిన్న ఐరన్ సరిగ్గా ఒంటబట్టదు, గంటైనా ఆగండి.

మగవాళ్ళకీ, నెలసరి ఆగిపోయిన అమ్మలకీ మాత్రం గట్టిగా చెబుతున్నా. మీలో ఐరన్ తక్కువైతే ఉత్త మాత్రలతో సరిపెట్టకండి. కడుపులో పుండో, పేగులో గడ్డో కంటికి కనపడకుండా రక్తం కారుస్తూ ఉండొచ్చు. పేగు క్యాన్సర్ మొదటి గుర్తు ఒక్కోసారి ఈ రిపోర్టే అవుతుంది. మా నాన్నకి వయసైపోయి రక్తం తగ్గింది అనకండి. వయసు వల్ల ఐరన్ పోదు, రక్తం పోతేనే పోతుంది. ఎండోస్కోపీ, కొలనోస్కోపీ అవసరమా అని డాక్టర్‌ని అడగండి.

మాత్రలు మొదలెడితే నెలకి హిమోగ్లోబిన్ ఒక గ్రాము పైన పెరగాలి. పెరగలేదంటే సరిగ్గా వేసుకోవట్లేదు, లేదా ఒంటబట్టట్లేదు, లేదా ఇంకా ఎక్కడో రక్తం పోతోంది, లేదా జబ్బే వేరు. పెరిగితే ఆపెయ్యకండి. కంచం నిండింది, గాదె నిండటానికి ఇంకో మూడు నెలలు పడుతుంది. మాత్రలకి మలం నల్లగా వస్తే భయం లేదు. మాత్రలు వేసుకోకుండానే నల్లగా, జిగురుగా వస్తే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి.

చివరిగా ఒక్క గుర్తు. మీ ఇంట్లో ఎవరికైనా పచ్చి బియ్యం నమలాలనీ, బలపాలో ఐసు ముక్కలో తినాలనీ ఊరికే అనిపిస్తోందా? తిట్టకండి, నవ్వకండి. ఐరన్ లోపానికి అది పాత గుర్తు. సీబీసీ, ఫెర్రిటిన్ చేయించండి. ఆ తర్వాత మాత్రలా, ఇంకేమైనా చూడాలా అన్నది మీ డాక్టర్‌తో కూర్చుని తేల్చుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో బీ12 గురించి మాట్లాడుకుందాం. ఉంటానండి.