చాంతాడు కొండ కింద... చెరువులు కొండ మీద!

ఎంతకీ తెమలని పనిని, ఎంతకీ తరగని జాబితాను ‘కొండవీటి చాంతాడు’ అనడం మన పల్లెల్లో వాడుక. కొండవీటి బావులు మహా లోతు, అందులో నీళ్లు తోడే చాంతాడు మహా పొడుగు అని పెద్దలు ఆ మాటకు అర్థం చెబుతారు. కొండ కిందే నీటికి అంత తిప్పలైతే, వెయ్యి అడుగుల ఎత్తున కోటలో కాపురమున్న వాళ్లకు నీళ్లెక్కడివి? కాళ్లలో సత్తువ ఉండి కొండ ఎక్కినవారికి దీనికి జవాబు కళ్లెదుటే కనిపిస్తుంది.

గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్లే బస్సులో కూర్చుంటే కుడివైపున చేలకు ఆవల నీలంగా ఒక కొండల వరుస కనిపిస్తుంది. అదే కొండవీటి కొండ. గుంటూరుకు సుమారు 25 కిలోమీటర్ల దూరం. ఒకప్పుడు గుంటూరు జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2022లో జిల్లాల విభజన జరిగాక పల్నాడు జిల్లాలోకి, యడ్లపాడు మండలంతో సహా, వచ్చింది.

మెట్లు కట్టించిన వంశం

కాకతీయ రాజ్యం కూలిన తరువాత, 14వ శతాబ్దిలో, ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా రెడ్డి రాజ్యాన్ని నిలబెట్టాడు. ఎర్రాప్రగడ ఆయన ఆస్థాన కవి. శ్రీశైలానికి, అహోబిలానికి వెళ్లే భక్తుల కోసం ఆ కొండలకు మెట్లు కట్టించిన రాజు ఆయనే. ఆయన కుమారుడు అనవోతారెడ్డి రాజధానిని అద్దంకి నుంచి కొండవీటికి మార్చాడు. పెదకోమటి వేమారెడ్డి కాలంలో మహాకవి శ్రీనాథుడు ఇక్కడే విద్యాధికారిగా ఉన్నాడు. ఆ తరువాత కోట గజపతుల చేతికి పోయింది. 1515లో శ్రీకృష్ణదేవరాయలు ముట్టడించి స్వాధీనం చేసుకున్నాడు. ఆపైన గోల్కొండ నవాబులు ఏలారు. 1788లో గుంటూరు సర్కారుతోపాటు ఇంగ్లీషు కంపెనీకి దక్కింది. ఇంతమంది ఈ కొండ కోసం ఎందుకు పోట్లాడారో పైకి ఎక్కితేనే బోధపడుతుంది.

నిట్టనిలువు నడక

అడుగున నడక సుళువుగానే ఉంటుంది. రాళ్ల సందుల్లో సీతాఫలం పొదలు, ముళ్లకంపలు. కొండవీటి సీతాఫలాలకు ఈ చుట్టుపక్కల సంతల్లో మంచి పేరుంది. కొంతదూరం పోయాక దారి నిట్టనిలువుగా లేస్తుంది. మాటలు తగ్గుతాయి, ఆయాసం పెరుగుతుంది. బరువైన ఆయుధాలతో ఈ ఏటవాలు ఎక్కవలసిన శత్రు సైనికుడి అవస్థ అప్పుడు తెలుస్తుంది.

కోటలోకి కొలెపల్లి దర్వాజా, నాదెండ్ల దర్వాజా అని రెండు ప్రవేశ ద్వారాలు. ప్రాకారం కొండ వీపు మీదుగా, ఎత్తుపల్లాలను అనుసరిస్తూ సాగుతుంది. మధ్య మధ్య బురుజులు. కొన్నిచోట్ల గోడ చెక్కుచెదరలేదు, కొన్నిచోట్ల రాళ్లు దొర్లిపోయాయి. శిథిలమైన మంటపాలు, గుళ్లు, జనం ‘నేతికొట్టు’ అని పిలుచుకునే కట్టడం దారిలో కనిపిస్తాయి.

వానే ఆధారం

శిఖరాల నడుమ పల్లంలోకి చేరగానే అలసిన కళ్లకు నీళ్లు కనిపిస్తాయి. ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు. ఇంత ఎత్తుకు ఏ కాలువా ఎక్కదు, ఏ వాగూ రాదు. చుట్టూ ఉన్న రాతి వాలు మీద పడిన వాన బొట్టు కిందికి జారిపోకుండా కట్ట కట్టి ఆపడమొక్కటే మార్గం. ఒక ఏటి వాన మరుసటి ఏటి తొలకరి దాకా రావాలి. శత్రువు కొండను చుట్టుముడితే ధాన్యం ఎంత ఉన్నా, నీళ్లున్నన్నాళ్లే కోట నిలుస్తుంది. బురుజులు కోటకు కండ అయితే, ఈ చెరువులు కోటకు ప్రాణం. కింద చాంతాడు పొడుగెంతైనా, పైన చేత్తో ముంచుకునే నీళ్లు! ఇది ప్రకృతి ఇచ్చిన వరం కాదు, మట్టి మోసిన మనుషుల కష్టం.

చెరువు గట్టు దాటి ప్రాకారం అంచున నిలబడితే నాలుగు వైపులా పల్నాటి సీమ పరుచుకుంటుంది. నల్లరేగడి చేలు, పత్తి, మిరప, మధ్యలో ఊళ్ల గుడి గోపురాలు. గాలి తేటగా ఉన్న ఉదయం పడమటి దిక్కున కోటప్పకొండ మూడు శిఖరాలూ చూడవచ్చు. వానలు వెనుకబట్టాక, చెరువులు నిండి కొండ పచ్చగా ఉన్న రోజులు ఈ నడకకు అనువైనవి. వేసవిలో రాయి సెగలు కక్కుతుంది.

కారు ఎక్కింది, కాలిబాట?

ఘాట్ రోడ్డు పడిన తరువాత ముసలివారు, పిల్లలు కూడా కొండపైకి వెళ్లగలుగుతున్నారు. ఇది సంతోషించవలసిన విషయమే. అయితే నడిచేవారు లేని బాటను ముళ్లకంప నాలుగేళ్లలో మూసేస్తుంది. మెట్టు రాయి ఒకటి ఊడితే, దాని వెనుక మట్టి వానకు కొట్టుకుపోయి పక్క రాయి కూడా కదులుతుంది. చెరువుల సంగతీ అంతే. పూడిక పేరుకుంటే నీరు తగ్గుతుంది. కట్ట మీద చెట్టు పెరిగితే వేళ్లు రాళ్లను విడదీస్తాయి. ఫిరంగి దెబ్బ కంటే రావి మొక్క దెబ్బ పెద్దదని పాత కోటలన్నీ చెబుతున్నాయి.

కొండ ఎక్కేవారు తెల్లవారుజామునే బయలుదేరడం, మంచినీళ్లు వెంట తీసుకుపోవడం, పొద్దు వాలకముందే దిగి రావడం మంచిది. చెరువుల్లో దిగరాదు. ప్లాస్టిక్ సంచులు, సీసాలు నీటి ఒడ్డున వదలరాదు. గోడ రాయి కదిలించడం, రాళ్ల మీద పేర్లు చెక్కడం పూర్వుల కష్టాన్ని కించపరచడమే.

రోడ్డుకు పెట్టిన శ్రద్ధలో కొంతైనా కాలిబాటకు, చెరువు కట్టలకు పెట్టవలసిన అవసరం ఎంతైనా ఉంది. పాఠశాలల పిల్లలను ఏటా ఒకసారి ఈ బాటన నడిపిస్తే, తమ ఊరి చెరువు విలువ ఏమిటో వారికి వేరే చెప్పనక్కరలేదు.