కూలి చీటీలో వాలు మూడు: ప్రింటరు తప్పులు పట్టుకొను విధము

మన సంఘాలలో కూలి చీటీలు, సరకు చలానాలు, నూలు ఖాతాలు కంప్యూటరులో వ్రాయుట మొదలై చాలా కాలమైనది. తెరమీద లెక్క చక్కగానే కనబడును. కాగితం మీదికి వచ్చుసరికి ఒక్కొక్కప్పుడు అది ఏ భాషో తెలియదు. అట్టి సమయమున గుమాస్తాలు మొదట చేయు పని రిబ్బను మార్చుట. నేనును అదే చేసితిని గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా షోలాపురపు సంఘంలో పాతకాలపు బిల్లుల ప్రోగ్రామే ఇప్పటికీ నడుచుచున్నది. పాత ప్రింటరు పాడై, కొత్త డాట్ మాట్రిక్స్ ప్రింటరు తెచ్చిన వారమే, శనివారంనాడు కూలి పంచితిమి. ఒక పెద్ద నేతగాడు చీటీ పట్టుకొని తిరిగి వచ్చి, "బాబూ, నేను తీసుకొన్న అడ్వాన్సే నాలుగు వేలు గదా. ఐదు వేల మూడు ఎట్లా కోసినారు?" అని అడిగినాడు. చీటీలో 5003 అనియే ఉన్నది. ఖాతా తీసి చూడగా కోత 500 మాత్రమే. చేతికిచ్చిన డబ్బు సరిగానే ఉన్నది, చీటీయే అబద్ధమాడుచున్నది. కాని మగ్గం మీద బతికేవానికి చీటీయే సాక్ష్యం. చీకటి పడులోగా మరి పదిమంది వచ్చి నిలబడిరి. సంఘం డబ్బు తినుచున్నదన్న మాట వీధిలో పుట్టుటకు అంతకంటె ఏమి కావలెను?

రిబ్బను మార్చితిమి. కేబులు మార్చితిమి. ఖర్చు తప్ప ఫలితం లేదు. చివరకు చీటీని దీపం దగ్గర పెట్టి చూడగా ఆ 3 కొంచెం వాలుగా ఉన్నది. పైగా ప్రతి గడి చివరను ఉన్నది. జంటగీత ఉండవలసిన చోట ఇంగ్లీషు 'ఎం' అక్షరం, అదియు వాలుగానే, బారుగా వరుసకట్టి ఉన్నది. అనగా చెడినవి అంకెలు కావు, అంకెల చుట్టూ ఉన్న గీతలు.

సంగతి ఇది. కంప్యూటరు ప్రింటరుకు అక్షరాలు పంపదు, సంఖ్యలు పంపును. 127 వరకు గల సంఖ్యల విషయంలో పేచీ లేదు. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు అన్నియు అందులోనే ఉన్నవి గనుక ఎక్కడైనను సరిగానే పడును. 128 మొదలు 255 వరకు గల సంఖ్యలకు ఏ రూపం అచ్చు వేయవలెనో ప్రింటరు తనలోని పట్టిక చూచుకొనును. ఆ పట్టికలు అనేకం. 240 హుక్కుల జకార్డుకు కొట్టిన అట్టలు 120 హుక్కుల జకార్డుకు కట్టినచో పడుగు మంచిదే, పేక మంచిదే, పువ్వు మాత్రం పువ్వు కాదు. ఇదియు అట్టిదే.

మా ప్రోగ్రాము 437 అను పట్టికను నమ్ముకొని వ్రాసినది. 1981లో ఐబీఎం పర్సనల్ కంప్యూటరుతో వచ్చిన పట్టిక అది. అందులో 179 అనగా నిలువు గీత, 205 అనగా అడ్డపు జంటగీత. కొత్త ప్రింటరులో మాత్రం ఇటాలిక్ పట్టిక పెట్టి ఉన్నది. ఆ పట్టిక పద్ధతి ఏమనగా, వచ్చిన సంఖ్యలోనుండి 128 తీసివేసి, మిగిలిన సంఖ్యకు గల అక్షరాన్ని వాలుగా వేయుట. 179లో 128 పోగా 51. అది 3 అంకె. 205లో 128 పోగా 77. అది 'ఎం'. మా నేతగాని 500 పక్కన గీతకు బదులు 3 వచ్చి కూర్చున్నది!

దీనికి మందు రెండు విధాలు. ప్రింటరు సెట్టింగులలో క్యారెక్టర్ టేబుల్ అనుదానిని పీసీ 437కు మార్చుట ఒకటి. ప్రింటరుతో వచ్చిన పుస్తకంలో ఆ విధానం ఉండును. బిల్లుల ప్రోగ్రాములో ప్రింటరుకు ముందుగా పంపు ఆజ్ఞ వ్రాయుటకు చోటున్నచో, ఎప్సన్ పద్ధతి ప్రింటర్లకు 27, 116, 1 అను మూడు సంఖ్యలు అక్కడ చేర్చుట రెండవది. నాకు రెండవదే మేలనిపించును. రేపు ప్రింటరు మారినను ఆజ్ఞ ప్రతి చీటీతోను పోవుచునే ఉండును.

తప్పు ప్రింటరుదా, పంపినదానిదా అని సందేహం వచ్చినప్పుడు మెకానిక్కును పిలువక ముందే తేల్చుకొనవచ్చును. చాలా ఎప్సన్ డాట్ మాట్రిక్స్ ప్రింటర్లలో లైన్‌ఫీడ్ బొత్తాము నొక్కిపట్టి కరెంటు వేసినచో ప్రింటరు తన పరీక్ష తానే అచ్చు వేసుకొనును. అందులో అక్షరాలు బాగున్నచో సూదులు, రిబ్బను నిర్దోషులు. ప్రతి అక్షరంలోను ఒకేచోట తెల్లని అడ్డగీత కనబడినచో మాత్రం సూది విరిగినదని అనుమానించవలెను. లైన్‌ఫీడ్, లోడ్ బొత్తాములు రెండును కలిపి నొక్కిపట్టి కరెంటు వేసినచో, వచ్చిన సంఖ్యలను ఉన్నవున్నట్లు పదహారు మూలపు లెక్కలో అచ్చు వేయును. మా చీటీలో 179 అక్కడ 'బి3' అని సరిగానే పడినది. దానితో కేబులు మీద మేము వేసిన నింద తీరిపోయినది.

తెలుగు పేర్ల చిక్కు వేరు. యూనికోడు తెలుగును యూటీఎఫ్-8 పద్ధతిలో పంపినప్పుడు ఒక్కొక్క గుర్తుకు మూడేసి సంఖ్యలు పోవును. రాములు అన్న పేరు చదువుటకు మూడక్షరాలు, యూనికోడుకు ఆరు గుర్తులు, ప్రింటరుకు 18 సంఖ్యలు. 437 పట్టికలో అవి ఆల్ఫా గుర్తు, చుక్కల దిమ్మె, మరొకటి, ఈ వరుసనే పడుచుండును. ఇది కనబడినచో పట్టిక మార్చి లాభం లేదు. అట్టి ప్రింటరులో తెలుగు అక్షరాలే లేవు. పేరును బొమ్మగా పంపవలెను, అనగా విండోస్ డ్రైవరు ద్వారా, నిర్మలా యూఐ వంటి తెలుగు ఫాంటుతో. అచ్చు నెమ్మదిగా సాగును, ఓర్చుకొనవలెను. పేర్లు పాత సొంత కోడుల ఫాంట్లలో టైపు చేసినవైతే, ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఇంగ్లీషు ముక్కలుగా కనబడును. వాటిని యూనికోడుకు మార్చుకొనక తప్పదు. పేరు చోట ఉత్త ప్రశ్నార్థకాలు పడినచో, అక్షరం ప్రింటరు దాకా రానేలేదు, దారిలో ప్రోగ్రామే పోగొట్టినది.

రూపాయి చిహ్నం 2010లో వచ్చినది. 437 పట్టికలో దానికి చోటు లేదు. ఇంగ్లీషులో 'ఆర్ఎస్' అని పెట్టుకొనుట సుఖం.

లేసరు ప్రింటరులో పుటకొక పంక్తి చొప్పున చెత్త పడి కాగితాలు కట్టలుగా పోవుచున్నచో, అది వేరొక ప్రింటరు డ్రైవరు. మొదటి పంక్తిలో శాతం గుర్తు, ఆశ్చర్యార్థకం, 'పీఎస్' కనబడినచో పోస్ట్‌స్క్రిప్ట్ అను భాషలో పంపినారని గుర్తు. ఆ భాష రాని ప్రింటరు దానిని మామూలు వ్రాతవలె అచ్చు వేయును. అచ్చు మధ్యలో కరెంటు తీసి మరల వేసినప్పుడును చెత్త వచ్చును, ఏలయన మిగిలిన సగం తలాతోకా లేక వచ్చి పడును. క్యూలోని పనులన్నిటిని తుడిచి, ప్రింటరు ఆపి, తిరిగి మొదలు పెట్టవలెను. మా ప్రాంతపు కరెంటు కోతలతో ఇది తరచు జరుగునదే.

ఆ శనివారపు చీటీలన్నియు వెనక్కు తీసుకొని, సోమవారం కొత్తవి ఇచ్చితిమి. పెద్దాయన కొత్త చీటీ పుచ్చుకొనలేదు, కోత అంకె అక్షరాలలో వ్రాసి సంతకం పెట్టమన్నాడు. పెట్టితిని. అప్పటినుండి మా చీటీలలో మొత్తం అంకెలలోను, మాటలలోను కూడ పడుచున్నది. అంకెకు, గీతకు నడుమ ఒక ఖాళీ కూడ విడిచితిమి.