పదో తరగతి ఫీజు మినహాయింపు ఎవరికి అందుతోంది?

పరీక్షల బోర్డు అనగానే ప్రశ్నపత్రాలు, ఫలితాలే గుర్తొస్తాయి. విద్యార్థి జీవితంలోకి బోర్డు అంతకు నెలల ముందే, ఫీజు నోటిఫికేషన్‌తో వస్తుంది. హెడ్మాస్టర్ నామినల్ రోల్ పంపి, ఫీజు కట్టాకే హాల్ టికెట్. ఆ రోల్‌లో తప్పు పడిన పేరు, పుట్టిన తేదీ జీవితాంతం వెంటాడతాయి. అది వేరే కథ. ఇక్కడ ఫీజు సంగతే చూద్దాం.

ఆంధ్రప్రదేశ్‌లో 2025 మార్చి పరీక్షలకు అన్ని సబ్జెక్టులకూ కలిపి 125 రూపాయలు. తెలంగాణలోనూ అంతే. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ, బీసీ రెగ్యులర్ విద్యార్థులకు మినహాయింపు ఉంది. కాకపోతే తల్లిదండ్రుల వార్షికాదాయం గ్రామాల్లో 20 వేలు, పట్టణాల్లో 24 వేలు దాటకూడదు.

లెక్క వేద్దాం. ఏడాదికి 20 వేలంటే రోజుకు 55 రూపాయలు. 2024-25లో ఉపాధి హామీ కూలి రోజుకు 300. మాల, మాదిగ వాడల్లోని ఒక కుటుంబం పూర్తి కూలితో 67 రోజులు మట్టి తవ్వితే చాలు, పరిమితి దాటిపోతుంది. అప్పటి చట్టం హామీ ఇచ్చిన వంద రోజులూ పనిచేస్తే 30 వేలు. ఇక ఆ ఇంటి బిడ్డ మినహాయింపుకు అర్హురాలు కాదు! అదే బిడ్డకు, అదే పదో తరగతిలో, కేంద్ర ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్‌కు ఆదాయ పరిమితి రెండున్నర లక్షలు. మినహాయింపు కాగితం మీద ఉంది, అందుకోగలిగే మనిషే లేడు.

'125 రూపాయలేగా' అనేవాళ్లుంటారు. గడువు దాటితే ఆలస్య రుసుం 50, తర్వాత 200, ఆపైన 500. పైగా ఆదాయ ధ్రువపత్రం కోసం తిరిగితే ఒక రోజు కూలి పోతుంది, మినహాయింపు విలువ కన్నా అదే ఎక్కువ.

ఫలితాల తర్వాత ఇంకా కష్టం. పాస్‌కు 35 కావాల్సిన చోట 33 వచ్చిన విద్యార్థి దిద్దుబాటును ప్రశ్నించాలంటే ఒక్క సబ్జెక్టు రీకౌంటింగ్‌కు 500, జవాబుపత్రం నకలుతో రీవెరిఫికేషన్‌కు 1000. పరీక్ష రాయడానికి అయిన ఖర్చుకు ఎనిమిది రెట్లు.

ప్రభుత్వ పరీక్షల విభాగం పాఠశాల విద్యాశాఖ కింద పనిచేస్తుంది, కాబట్టి వినతిపత్రాలు అక్కడికీ వెళ్లాలి. ఫీజు నోటిఫికేషన్ సాధారణంగా అక్టోబరు, నవంబరుల్లో వస్తుంది. ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్ పొందుతున్న ప్రతి విద్యార్థికీ మళ్లీ పత్రాలు అడగకుండా ఫీజు మినహాయించాలని విద్యార్థి సంఘాలు ఆలోపే అడగాలి. ఆ పేర్లు బడిలో ఇప్పటికే ఉన్నాయి.