జోటి పేరు - సుంకపు రేటు

సుంకముల పట్టిక యనిన మాత్రముననే మా పాఠకులలో ననేకులు పుట త్రిప్పుదురని మే మెఱుగుదుము. ప్రత్తిపైన, పంచదారపైన సుంకమన్నచో భూస్వామియు వర్తకుడును చెవి యొగ్గుదురు. తోలుతో కుట్టిన ఆటల జోళ్ళు ఏ శీర్షిక క్రింద చేరునను విచారము మనకేల యని యడుగువారికి మేము మొదట ముదిగొండ త్రోవను జూపెదము.

ఖమ్మము పట్టణమునకు సమీపముననున్న ముదిగొండ పూర్వము నిజాము రాజ్యములోనిది. ఆ సీమలో చచ్చిన యెద్దు తోలు చెన్నపట్టణపు రేవు జేరవలెనన్న రెండు సుంకపు చావళ్ళు దాటవలసియుండెను. సరిహద్దున నిజాము కరోడ్‌గిరి యొకటి. రేవున ఆంగ్లేయుల సముద్రపు సుంకము రెండవది. 1802లో నిజామునకును కంపెనీకిని జరిగిన వర్తకపు టొడంబడికలో సుంకము నూటికి 5 అని యేర్పడెను. మెట్టల మీది తంగేటి చెక్కయు, అడవి కరక్కాయయు వేసి, లందలో నానవేసి పదును చేసిన తోలొకటి. ఉప్పు చల్లి మూటగట్టిన పచ్చితోలు మఱియొకటి. చావడి గుమాస్తా మొదట నడుగు ప్రశ్న నాడును నేడును నొక్కటియే: ఇది యేమి సరకు? పేరు కుదిరిన పిదపనే రేటు.

ఆ పేరులో నెంత రాజకీయము దాగియుండునో 1919వ సంవత్సరపు శాసనము తెలిపినది. నాడు ప్రభుత్వమువారు పచ్చితోళ్ళ యెగుమతిపై నూటికి 15 వంతున సుంకము విధించిరి. దేశములోనే తోలు పదునై, కూలి మనవారికే దక్కునని వినువారు సంతసించిరి కాబోలు. కాని బ్రిటిషు సామ్రాజ్యములో నెచ్చట పదును చేసినను మూడింట రెండు వంతుల సుంకము తిరిగి యీయబడునని యందే వ్రాసిరి. సామ్రాజ్యమనగా నింగ్లండును గలిసినదే గదా! మన చర్మకారునకు కట్టిన గోడలో ఇంగ్లండు తోళ్ళ వర్తకునకు ద్వారము విడిచిరి. 1923లో సుంకమును నూటికి 5కు తగ్గించి, ఆ తగ్గింపును తీసివేసిరి.

నేటి పట్టిక వేరు. 1983లో బ్రస్సెల్సు నగరమున కుదిరిన హార్మొనైజ్డ్ సిస్టమ్ అను ఒడంబడిక 1988 జనవరి 1 నుండి అమలునకు వచ్చెను. మన 1975వ సంవత్సరపు కస్టమ్స్ టారిఫ్ చట్టపు పట్టిక 1986లోనే ఆ మూసలో పోయబడినది. సరకునకు మొదటి ఆరంకెలు దేశము లన్నిటను నొక్కటియే. ఆపైన నెవరి యంకెలను వారు చేర్చుకొందురు. పాదరక్షలకు 64వ అధ్యాయము. రబ్బరు, ప్లాస్టిక్ పైభాగముగలవి 6402. తోలు పైభాగముగలవి 6403. గుడ్డ పైభాగముగలవి 6404.

ఇక ఆటజోళ్ళ మాట. లోకము దృష్టిలో ఆటకు తొడిగినది ఆటజోడు. పట్టిక దృష్టిలో నట్లు కాదు. ఆట కొఱకు రూపొందించినదై, అడుగున ముండ్లో, గుబ్బలో, కొక్కెములో, అడ్డుపట్టీలో ఉండవలెను. లేదా వానిని బిగించుటకు తావైన నుండవలెను. ఇవి లేకున్నను స్కేటింగు బూట్లు, మంచుపై జారు స్కీబూట్లు, కుస్తీబూట్లు, ముష్టియుద్ధపు బూట్లు, సైకిలు పందెపు జోళ్ళు ఆటజోళ్ళే యని పేరుపెట్టి చెప్పిరి. అంతటితో సరి. వేగముగా బంతి విసరు క్రికెట్ ఆటగాని ముండ్ల తోలుబూటు 6403 19 క్రింద చేరును. అడుగు సమముగానున్న తోలు టెన్నిసు జోడు, వింబుల్డన్ మైదానమున నాడి వచ్చినను, ఆటజోడు కాదు. రబ్బరట్ట గలిగి చీలమండ కప్పనిదైనచో 6403 99 లోని సామాన్యపు జోళ్ళతో కూర్చుండవలెను. అదే టెన్నిసు జోడు గుడ్డదైనచో 6404 11లో దానికి గౌరవస్థానము గలదు. అచ్చట టెన్నిసు, బాస్కెట్‌బాల్, వ్యాయామపు జోళ్ళను పేరుపేరున పిలిచి పంక్తిలో కూర్చుండబెట్టిరి. స్కేటింగు బూటునకు చక్రములు బిగించినంతనే యది పాదరక్షయే కాకుండ పోయి, 95వ అధ్యాయమున ఆటవస్తువులతో చేరును. ఈ తర్కము విన్న మా మిత్రుడైన నైయాయికుడొకడు, తన శాస్త్రమున ఘటపటముల వాదమే మేలని నవ్వెను.

నవ్వుటకు వీలులేని భాగ మీ క్రిందిది. నేటి ఆటజోడు ఒక్క పదార్థముతో కుట్టబడునది కాదు. కొంత తోలు, కొంత వలగుడ్డ, కొంత ప్లాస్టిక్. పైభాగము దేనితో చేసినదని నిర్ణయించుట కెట్లు? వెలుపల దేని వైశాల్య మధికమో యది. అంచులు, అలంకారములు, చీలమండ పట్టీలు, బలము కొఱకు కుట్టిన ముక్కలు లెక్కలోనికి రావు. అడుగుభాగమునకు నేల నంటు వైశాల్యమే ప్రమాణము. ముండ్లును మేకులును లెక్కలోనివి కావు. వలగుడ్డ మీద కుట్టిన తోలుముక్క పైభాగమా, బలపు ముక్కయా? ఇచ్చటనే సుంకపు టధికారికిని వర్తకునకును వివాదము పుట్టును. అమెరికా వారి సాధారణ పట్టికలో, ప్రత్యేకముగా విధించు అదనపు సుంకముల నటుంచినచో, తోలు పైభాగము, రబ్బరట్ట గలిగిన మగవారి సామాన్యపు జోటికి నూటికి 8.5, జత 12 డాలర్లకు మించిన గుడ్డ పైభాగపు ఆటజోటికి నూటికి 20. కొలబద్దతో కొలువదగిన కొన్ని అంగుళముల తోలు మీద ఇంత భేదము నిలిచియున్నది.

ఇది పరదేశపు గొడవ యనరాదు. తిరుపతి జిల్లా తడ మండలమున మాంబట్టు గ్రామములో అపాచీ సంస్థ వారు ఆడిడాస్ పేరిట ఆటజోళ్ళు తయారు చేయుచున్నారు. పరిసర గ్రామముల ఆడపడుచు లెందఱో అచ్చట పనిచేయుచున్నారు. అచ్చట కుట్టిన జత యే దేశమున నే శీర్షిక క్రింద దిగునో దానిని బట్టి యా దేశపు టంగడిలో దాని వెల. ఆ వెలను బట్టి యిచ్చటి పని. ఐరోపావారు 2006 అక్టోబరులో చీనా తోలుజోళ్ళపై నూటికి 16.5, వియత్నాము జోళ్ళపై నూటికి 10 చొప్పున అదనపు సుంకము వేసిరి. కాని ప్రత్యేక సాంకేతిక క్రీడాపాదరక్ష యను నొక పేరు కల్పించి, అడుగున ఆఘాతమును సహించు ఏర్పాటులుండి, జత 7.5 యూరోలకు తక్కువ కానిచో మినహాయించిరి. అనగా 7 యూరోల 49 సెంట్ల జోడు దోషి, 7.50 జోడు నిర్దోషి! ఆ సుంకము 2011 మార్చి 31న ముగిసెను. నిర్వచనము వ్రాయువాని చేతిలో నెంత బలమున్నదో దీనివలన స్పష్టము.

మన ప్రభుత్వమువారును గోడ యెత్తిరి. 2020వ సంవత్సరపు బడ్జెటున దిగుమతియగు పాదరక్షల సుంకమును 25 నుండి 35కును, వాని భాగముల సుంకమును 15 నుండి 20కిని పెంచిరి. ఇంత వ్యత్యాస మున్నచోట జోళ్ళను విడదీసి భాగములని తెచ్చుటకు మనసు పుట్టుట సహజము. దానికి నియమ మెదురుగా నున్నది: విడదీసి తెచ్చినను వస్తువు వస్తువే, అసంపూర్ణమైనను సంపూర్ణ వస్తువు యొక్క ముఖ్యలక్షణము గలిగినచో నది సంపూర్ణమే. తప్పుశీర్షిక వ్రాసిన వర్తకునిపై 1962వ సంవత్సరపు కస్టమ్స్ చట్టము క్రింద తక్కువపడిన సుంకమును రెండేండ్ల వరకు, మోసముగాని దాపఱికముగాని యున్నచో నైదేండ్ల వరకు, వడ్డీతో రాబట్టవచ్చును. పెద్ద సంస్థలకు న్యాయవాదులు గలరు. చిన్న వర్తకుడు తెలియక వ్రాసిన నాలుగంకెలకు దుకాణము మూసికొనుట మాకు సమ్మతము కాదు. సరకు తెప్పించుటకు ముందే ముందస్తు తీర్పు సంస్థకు దరఖాస్తు పెట్టి, మూడు నెలలలో శీర్షికను తెలిసికొను సదుపాయము చట్టముననే కలదు. మన పట్టణముల వర్తకసంఘములు తమ సభ్యుల పక్షమున నీ పని చేయవలదా?

పట్టికయు స్థిరము కాదు. కొన్నియేండ్ల కొకసారి దానిని సవరించెదరు. రాబోవు సవరణ 2028 జనవరి 1 నుండి అమలునకు రానున్నది. బ్రస్సెల్సు సభలలో మన దేశమునకు ఆసనము గలదు. ఆ యాసనమున గూర్చుండువానికి తోలు వాసన తెలిసియుండవలెను. తెనాలి ప్రాంతమున యెలవర్రులో రైతు కుటుంబమున బుట్టిన యెలవర్తి నాయుడమ్మగారు 1958 నుండి 1971 వరకు చెన్నపట్టణపు కేంద్ర తోళ్ళ పరిశోధనాలయమునకు సంచాలకులైరి. పెద్దయిండ్ల పిల్లలు ముక్కు మూసికొని దూరముగ పోవు పనిని శాస్త్రముగా నేర్చిన వా రాయన.

ఇదే పట్టికలో 6403 20 అని యొక వరుస గలదు. తోలట్ట గలిగి, పాదము పైభాగమున నడ్డముగాను బొటనవ్రేలి చుట్టును తోలుపట్టీలు గలిగిన పాదరక్ష యని దాని వివరణ. చదివిన తక్షణమే మేము గుర్తించితిమి: అది మన పల్లె చర్మకారుని చెప్పు! తెలంగాణమున వెట్టి నడచిన దినములలో గడీలకు మాదిగవారు ఆ చెప్పును, మోటతోళ్ళను వెల లేకయే సమకూర్పవలసియుండెను. ఊరిలో వెల కట్టని వస్తువునకు లోకపు పట్టికలో ప్రత్యేకముగా నొక వరుస వ్రాసిరి. కాని తోలు ప్రియమై, యెద్దులు తగ్గి, నేడు మన పల్లెలలో కుట్టు చెప్పులకు పాత లారీటైరు ముక్క అట్టగా నమరుచున్నది. అట్ట రబ్బరైనచో నా చెప్పు 6403 20లో నిలువదు. ఆ వరుసను విడిచి 6403 99లో, అడుగు సమముగానున్న ఆ తోలు టెన్నిసు జోటి ప్రక్కకు పోయి చేరును.