జాతీయ రహదారిపై వాహనాన్ని ఆపే అధికారం ఎవరిది?

హైదరాబాద్-విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారిపై వాహన తనిఖీలు జరిగే చోటల్లా ఒక వాదన వినిపిస్తూనే ఉంటుంది. ‘ఇది కేంద్ర ప్రభుత్వ రహదారి. టోల్ రుసుము కట్టి ప్రయాణిస్తున్నాం. స్థానిక ఎస్సైకి మమ్మల్ని ఆపే హక్కు ఎక్కడిది?’ అన్నదే ఆ వాదన. చట్టప్రకారం ఇది నిలవదు. అయితే ఆపే అధికారం ఉన్నంత మాత్రాన ఏమైనా చేయవచ్చనుకునే సిబ్బంది ధోరణికీ చట్టం మద్దతు లేదు.

రోడ్డు కేంద్రానిది, పోలీసు రాష్ట్రానిది

రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం జాతీయ రహదారులు కేంద్ర జాబితాలో, పోలీసు వ్యవస్థ రాష్ట్ర జాబితాలో, మోటారు వాహనాలు ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. రహదారి నిర్మాణం, నిర్వహణ, టోల్ వసూలు కేంద్రం పరిధిలోనివి. ఆ రహదారిపై జరిగే నేరాలు, ప్రమాదాలు, నిబంధనల ఉల్లంఘనలు మాత్రం అది ఏ ఠాణా పరిధిలో ఉంటే ఆ పోలీసుల బాధ్యత. మోటారు వాహనాల చట్టం-1988 ‘బహిరంగ ప్రదేశం’ అన్న నిర్వచనంలో రోడ్లన్నింటినీ చేర్చింది. గ్రామ రహదారికీ, నాలుగు వరుసల జాతీయ రహదారికీ తేడా చూపలేదు. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌ప్లాజాల సిబ్బందికి రుసుము వసూలు చేసే అధికారమే తప్ప లైసెన్సు అడిగే అధికారం లేదు.

యూనిఫాం తప్పనిసరి

చట్టంలోని 130వ సెక్షన్ ప్రకారం యూనిఫాంలో ఉన్న ఏ పోలీసు అధికారి అడిగినా డ్రైవరు లైసెన్సు చూపాలి. 158వ సెక్షన్ కింద, రాష్ట్ర ప్రభుత్వం అధికారమిచ్చిన యూనిఫాం అధికారి కోరితే రిజిస్ట్రేషన్, బీమా పత్రాలు కూడా చూపాలి. డిజీలాకర్, ఎంపరివాహన్ యాప్‌లలోని పత్రాలు కూడా చెల్లుతాయి. మద్యం తాగి నడుపుతున్నట్లు సహేతుకమైన అనుమానం ఉంటే 203వ సెక్షన్ కింద శ్వాస పరీక్షకు ఆదేశించవచ్చు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే అది నేరం. అలా అరెస్టయిన వ్యక్తికి రెండు గంటలలోగా వైద్య పరీక్ష జరిపించాలి. లేకుంటే విడిచిపెట్టాలి.

అధికారానికి హద్దులు

ఆపిన ప్రతి వాహనాన్నీ ఠాణాకు తరలించే వీలు లేదు. లైసెన్సు, రిజిస్ట్రేషన్ లేదా పర్మిట్ లేకుండా నడపడం వంటి నిర్దిష్ట సందర్భాల్లోనే 207వ సెక్షన్ వాహనాన్ని నిలుపుదల చేయనిస్తుంది. లైసెన్సును స్వాధీనం చేసుకుంటే తాత్కాలిక రసీదు ఇవ్వాలని 206వ సెక్షన్ చెబుతోంది. లైసెన్సు తిరిగి చేతికొచ్చే వరకు ఆ రసీదుతోనే వాహనం నడపవచ్చు. ఈ సెక్షన్లలో ఎక్కడా తాళంచెవి లాక్కోవడం గురించిన ప్రస్తావన లేదు.

అపరాధ రుసుము వసూలు విషయానికొస్తే, ఏ హోదా అధికారి ఎంత వసూలు చేయాలో 200వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా నిర్ణయిస్తుంది. లైసెన్సు అడగగల ప్రతి కానిస్టేబులూ జరిమానా తీసుకోలేరు. తప్పు చేయలేదని భావించే వాహనదారుడు రుసుము కట్టకుండా న్యాయస్థానంలో వాదన వినిపించుకోవచ్చు. రసీదు లేకుండా చేతికి తీసుకునే సొమ్ము జరిమానా కాదు, లంచం.

సరిహద్దు దాటితే

2014 జూన్ 2 తర్వాత ఇదే రహదారిపై రెండు రాష్ట్రాల పోలీసులు పనిచేస్తున్నారు. కోదాడ దాటాక గరికపాడు వద్ద ఆంధ్రప్రదేశ్ పరిధి మొదలవుతుంది. మామూలు తనిఖీలకు ఎవరి రాష్ట్ర పరిధి వారిదే. అయితే వారంటు లేకుండా అరెస్టు చేయదగిన నేరం చేసి పారిపోయే వ్యక్తిని దేశంలో ఎక్కడికైనా వెంబడించి పట్టుకునే అధికారం పోలీసులకు ఉంది. పాత నేర విచారణ ప్రక్రియా స్మృతిలో ఉన్న ఈ నిబంధన, 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ కొనసాగుతోంది. సరిహద్దు రాయి దాటితే తప్పించుకున్నట్టేనన్న భ్రమ పనికిరాదు.

ఆపే చోటు ముఖ్యం

గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు ముందుకు పోతుంది. మలుపు దాటగానే బారికేడ్ కనిపిస్తే డ్రైవరుకు ఆలోచించే వ్యవధి ఉండదు. వెనుక వచ్చే లారీకి అసలే ఉండదు. అందుకే టోల్‌ప్లాజాల వద్ద, లారీలు నిలిపే స్థలాల వద్ద, ముందస్తు హెచ్చరిక బోర్డులు, వెలుతురు ఉన్నచోట తనిఖీ జరిపితేనే ప్రాణాలకు భద్రత. 2019 సవరణతో చట్టంలో చేరిన 136ఎ సెక్షన్ జాతీయ, రాష్ట్ర రహదారులపై కెమెరాల నిఘాకు వీలు కల్పించింది. వేగ ఉల్లంఘనలకు వాహనాన్ని రోడ్డు మధ్యలో ఆపాల్సిన అవసరం దీనితో తగ్గుతుంది.

ఆపమన్నప్పుడు ఆగకుండా దూసుకుపోవడం ఎదుట నిలిచిన సిబ్బంది ప్రాణం మీదికి తెస్తుంది. చట్టబద్ధమైన ఆదేశాన్ని ధిక్కరిస్తే 179వ సెక్షన్ కింద శిక్షార్హం కూడా. వాహనాన్ని ఎడమవైపు నిలిపి, పత్రాలు చూపి, అధికారి పేరు, ఠాణా అడిగి తెలుసుకోవడం వాహనదారుడి హక్కు, బాధ్యత కూడా. రాత్రివేళ యూనిఫాం లేని వ్యక్తులు ఆపి సొమ్ము అడిగితే 112 నంబరుకు ఫోన్ చేయాలి.