వాసన లేకపోతే గ్యాస్ లేనట్టేనా?

గాజువాక ఆటోనగర్‌కు రిపేరుకొచ్చిన ట్యాంకర్ మ్యాన్‌హోల్ మూత తీస్తారు. ఒకాయన తల వంచి గట్టిగా ఓసారి పీల్చి, "ఏటీ వాసన లేదు, దిగిపోరా" అంటాడు. కుర్రాడు వెల్డింగ్ హోల్డర్ పట్టుకుని లోపలికి దిగిపోతాడు. వాసన లేకపోతే గ్యాస్ లేనట్టే అన్న ఈ నమ్మకం ప్రాణాలు తీసే అబద్ధం. చుట్టూ స్టీల్‌ప్లాంటు, రిఫైనరీ, మందుల ఫ్యాక్టరీలు ఉన్న ఊళ్లో ఇంకా ఇదే మాట వినాల్సి వస్తుంటే కోపం రాదా?

చిక్కు సగం గ్యాస్ అన్న మాటలోనే ఉంది. మనకు అన్నీ గ్యాసే. వంటింట్లో సిలిండర్, ఆటోలో కొట్టించేది, కారు ఏసీలో ఎక్కించేది, కటింగ్ టార్చికి పెట్టేది, ఆఖరికి ఛాతీలో మంట కూడా గ్యాసే. వీటిలో ముక్కుకు బాగా అలవాటైంది వంటగ్యాస్. అందుకే గ్యాసంటే ఆ కంపు ఉండి తీరాలనుకుంటాం. నిజానికి ఆ కంపు వంటగ్యాస్‌ది కానే కాదు. అందులోని ప్రొపేన్, బ్యూటేన్‌లకు దాదాపు వాసనే ఉండదు. లీకైతే తెలియాలని మెర్‌కాప్టాన్ అనే రసాయనాన్ని కలుపుతారు. 1937 మార్చి 18న అమెరికాలోని టెక్సాస్‌లో, న్యూ లండన్ అనే ఊరి బడి కింద సహజవాయువు చేరి పేలింది. దాదాపు 300 మంది పోయారు, ఎక్కువమంది పిల్లలే. గ్యాస్ పోగవుతోందని ఎవరి ముక్కుకూ తెలియలేదు. వాసన కలిపి తీరాలన్న చట్టాలు ఆ తర్వాతే వచ్చాయి. కలపని గ్యాస్‌ల సంగతి ముక్కు ఎలా చెబుతుంది?

అసలు గ్యాస్ అన్న మాట పుట్టిందే వాసన లేని దాన్నుంచి. వాన్ హెల్మాంట్ అనే ఫ్లెమిష్ వైద్యుడు 62 పౌన్ల బొగ్గు కాలిస్తే ఒక్క పౌను బూడిదే మిగిలిందనీ, తక్కినదంతా కంటికి ఆనకుండా వెళ్లిపోయిందనీ రాశాడు. గ్రీకులో అయోమయ శూన్యానికి వాడే 'ఖావోస్' అన్న మాటను తన ఉచ్చారణలోకి మలిచి దానికి గ్యాస్ అని పేరుపెట్టాడు. ఆయన పోయాక, 1648లో అచ్చయిన పుస్తకంలో ఉందిది. ఆ వెళ్లిపోయింది ముఖ్యంగా మనం కార్బన్ డయాక్సైడ్ అంటున్నదే. దానికి రంగూ లేదు, వాసనా లేదు.

స్టీల్‌ప్లాంటు బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్‌లో సుమారు ఐదో వంతు ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కూ అంతే. రక్తాన్ని అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మగత, ఆ తర్వాత మనిషి కూర్చున్నచోటే ఒరిగిపోతాడు. హైడ్రోజన్ సల్ఫైడ్ ఇంకా మోసకారిది. కొంచెమే ఉంటే కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది, మోతాదు పెరిగితే ముక్కునే మొద్దుబార్చేస్తుంది. కంపు పోయింది కదా అని నిలబడ్డవాడు పడిపోతాడు. ఇక చాన్నాళ్లు మూసి ఉంచిన ఇనప ట్యాంకులో ఏ విషమూ అక్కర్లేదు. తుప్పు పడుతున్న ఇనుము లోపలి ఆక్సిజన్‌ను తినేస్తుంది. లోపల ఆర్గాన్ పెట్టి వెల్డింగ్ చేస్తే ఉన్న గాలినీ అది బయటికి తోసేస్తుంది.

గ్యాసంటే పైకి పోతుందనేది సీఎన్‌జీ లాంటివాటికే సరి. వంటగ్యాస్, పెట్రోలు ఆవిరి నేలబారునే పాకుతాయి. 1997 సెప్టెంబరు 14న మన హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో అలా పరుచుకున్న వంటగ్యాసే అంటుకుని 60 మంది దాకా పోయారు. 2020 మే 7న వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి లీకై 12 మందిని బలిగొన్న స్టైరీన్ అయితే అసలు ద్రవం. వేడెక్కి ఆవిరైంది, అదీ గాలికంటే బరువే.

గ్యాస్ లీకైతే ముఖానికి తడిగుడ్డ అడ్డం పెట్టుకోవాలన్న మాటలో మాత్రం కొంత నిజముందని ఒప్పుకోక తప్పదు. అమ్మోనియా నీళ్లలో బాగా కరుగుతుంది కాబట్టి, బయటపడే ఆ కాసేపు ముఖానికి తడిగుడ్డ పనికొస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌ను ఏ గుడ్డా ఆపదు.

ఛాతీలో గ్యాస్ అన్న మాటా ఇలాగే ప్రాణాల మీదికి తెస్తుంది. ఛాతీ పట్టేసి చెమటలు పడుతుంటే గ్యాసేలెమ్మని సోడా తాగి పడుకోకండి, వెంటనే ఈసీజీ తీయించండి.

ట్యాంకులోకి మనిషిని దించేముందు శుభ్రంగా కడిగి, బ్లోయర్‌తో గాలాడించండి. గ్యాస్ డిటెక్టర్‌ను తాడుకు కట్టి పైన, మధ్యలో, అడుగున మూడుచోట్లా చూడండి. ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గితే దిగొద్దు. దిగినవాడి నడుముకు బెల్టూ తాడూ, బయట ఒక మనిషీ ఉండాలి. లోపలివాడు పడిపోతే వెనకే దూకొద్దు, తాడుతో లాగండి. 101కి ఫోన్ చేసినప్పుడు "గ్యాస్" అని ఊరుకోకుండా, ఆ ట్యాంకరులో చివరిసారి ఏం తెచ్చారో దాని పేరు చెప్పండి.