శుభలేఖ కాగితం

మేనకోడలి పెళ్లి శుభలేఖల కోసం ప్రెస్‌కి వెళ్తే, "300 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డు, మ్యాట్ లామినేషన్... వేసేద్దామా సార్?" అన్నారు. లోన్ పత్రాల్లో ప్రతి గడీ చదివే నేను, అర్థం కాకుండానే తలూపి వచ్చాను. తరువాతే ఆరా తీశాను.

జీఎస్‌ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క. పదహారు ఏ4 కాగితాలు పరిస్తే చదరపు మీటరు. 75 జీఎస్‌ఎం జిరాక్స్ కాగితం ఒక్కోటి 5 గ్రాముల లోపే. 300 జీఎస్‌ఎం కార్డంటే అలాంటివి నాలుగు!

బరువు సరే, అసలు చిక్కు లామినేషన్‌తో. అది కాగితానికి అతికించే పల్చని ప్లాస్టిక్ పొర. పాత పేపర్లతో వేసినా మిల్లులో దాన్ని గుజ్జు చేయడం కష్టం.

ఎఫ్‌ఎస్‌సీ అనే చెట్టు గుర్తు ఉన్నంత మాత్రాన అది పాత కాగితంతో చేసిందని కాదు. పక్కన 'రీసైకిల్డ్' అని ఉంటేనే అలా అనుకోవాలి. '100%' అంటే ధ్రువీకరించిన అడవుల కలప. 'మిక్స్' అంటే కలగలుపు.

మర్నాడే ఫోన్ చేసి లామినేషన్ వద్దన్నాను, 200 జీఎస్‌ఎం చాలన్నాను. "మెరుపు లేకపోతే ఏం బాగుంటుందిరా!" అని అక్క గొణిగింది. కార్డులొచ్చాక నాలుగు మూలలా పసుపు రాస్తూ, "ఇది చక్కగా అంటుతోందే" అంది. పెద్దాడి పెళ్లప్పుడు ప్లాస్టిక్ మీద జారిపోయిందట.